స్కర్మిష్ వార్‌గేమ్

బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల్లో స్కర్మిష్ వార్‌గేమ్ ఒక రకం. పెద్ద సైన్యాల ఆటలో ఒక్కో బొమ్మ పదుల కొద్దీ సైనికులకు ప్రతినిధి. స్కర్మిష్‌లో ఒక బొమ్మ అంటే ఒక మనిషే. పక్షానికి అయిదు నుంచి పదిహేను బొమ్మలు, కొలత టేపు, పాచికలు, చాటుకు నాలుగు గోడలు ఉంటే ఆట సాగుతుంది. ఖర్చు, రంగులు వేసే శ్రమ తక్కువ కనుక కొత్తవారు ఎక్కువగా ఈ దారినే యుద్ధక్రీడల్లోకి వస్తారు.

ఈ క్రీడల మూలాలు భారతదేశంలో పుట్టి యూరప్ చేరిన చదరంగంలో ఉన్నాయి. బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్విగ్ 1780లో చదరంగాన్ని విస్తరించి, గళ్లకు నేల స్వభావాన్ని జోడించాడు. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన క్రీగ్స్‌ష్పీల్ సైనిక శిక్షణలో భాగమైంది. ఈ వినోదాన్ని ఇళ్లలోకి తెచ్చిన పుస్తకం 1913లో హెచ్.జి. వెల్స్ రాసిన 'లిటిల్ వార్స్'. అందులో స్ప్రింగు ఫిరంగులతో సీసపు సైనికులను పడగొడతారు. అర్ధశతాబ్దం తరువాత, 1962లో, డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన 'వార్ గేమ్స్' బ్రిటన్‌లో ఈ అభిరుచికి కొత్త ఊపునిచ్చింది.

స్కర్మిష్ ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకున్నది 1970 ప్రాంతంలో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో. అక్కడ స్టీవ్ కర్టిస్, మైక్ బ్లేక్, ఇయాన్ కాల్విల్ అమెరికా పశ్చిమ ప్రాంతపు తుపాకీ పోరాటాలకు నియమావళి తయారుచేశారు. ప్రతి మనిషి కదలికకూ ప్రతి కాల్పుకూ విడిగా లెక్క ఉండే ఆ పద్ధతిలో బొమ్మ ఒక పాత్ర అయింది. ఫెదర్‌స్టోన్ 1975లో ఈ శాఖపైనే ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో 1971 నాటి 'చైన్‌మెయిల్'లోనూ ఒకరితో ఒకరు తలపడే నియమాలున్నాయి. 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'కు ఆ ఆటే ఒక పునాది.

బ్రిటిష్ సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ 1995లో 'నెక్రోముండా', 1999లో 'మోర్ద్‌హైమ్' విడుదల చేసింది. వీటిలో ఒక పోరుతో కథ ముగియదు. బతికినవారు అనుభవం గడిస్తారు, గాయపడినవారు ఆ లోపంతోనే తరువాతి పోరుకు దిగుతారు. ఆటగాళ్లు తమ ముఠాపై మమకారం పెంచుకున్నది ఇందువల్లనే. అయితే పట్టికలు ఎక్కువ కావడంతో తొలి ఆట నెమ్మదిగా నడుస్తుంది.

నిజమైన సరళత 2007లో ఆంద్రియా స్ఫిలిగోయి రూపొందించిన 'సాంగ్ ఆఫ్ బ్లేడ్స్ అండ్ హీరోస్'తో వచ్చింది. బొమ్మకు నాణ్యత, పోరుబలం అనే రెండే అంకెలు, వాటికి తోడు కొన్ని ప్రత్యేక లక్షణాలు ఉంటాయి. తన వంతులో ఆటగాడు ఒక బొమ్మను ఎంచుకుని ఒకటి నుంచి మూడు పాచికల వరకు వేయవచ్చు. నాణ్యత అంకెను అందుకున్న ప్రతి పాచికకూ ఒక చర్య దక్కుతుంది. రెండు పాచికలు విఫలమైతే వంతు ప్రత్యర్థికి పోతుంది. ఎంత సాహసించాలన్న ప్రశ్న ప్రతి అడుగులోనూ ఎదురయ్యే చక్కని అమరిక ఇది.

జోసెఫ్ మెకల్లో రచించగా ఆస్‌ప్రే సంస్థ 2015లో ప్రచురించిన 'ఫ్రాస్ట్‌గ్రేవ్' మంచు కప్పిన శిథిల నగరంలో నిధుల వేట. మాంత్రికుడు, శిష్యుడు, ఎనిమిది మంది వరకు సైనికులు ఒక దళం. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే తలపడటాన్నీ గాయాన్నీ తేలుస్తుంది. అందువల్ల అదృష్టం పాలు ఎక్కువే, కానీ నియమాలు ఒక సాయంత్రంలో పట్టుబడతాయి. గేమ్స్ వర్క్‌షాప్ వారి 'కిల్ టీమ్' 2018లో విడి ఆటగా వచ్చింది. 2021 సంచికలో దూరాలను ఆకారపు గుర్తులతో సూచించారు, 2024 సంచికలో మళ్లీ అంగుళాలకు వచ్చారు. ప్రతి దళానికీ విడి నియమాలుండటం దీన్ని తొలిసారి ఆడేవారికి బరువు చేస్తుంది.

ఏ తయారీదారు బొమ్మలైనా వాడుకోనిచ్చే 'సాంగ్ ఆఫ్ బ్లేడ్స్', 'ఫ్రాస్ట్‌గ్రేవ్' తొలి ఆటకు అనువైనవి. ఒక్క పోరు చాలనుకునేవారికి మొదటిది, దళాన్ని పెంచుకుంటూ వారాల తరబడి ఆడదలచినవారికి రెండోది బాగా సరిపోతుంది.