రాఫేల్ తొలినాటి చిత్రకళ

రాఫేల్‌కు కళలో ఉన్నదంతా తన వద్ద నుండి వచ్చినదేనని మైకెలాంజిలో 1542లో ఒక లేఖలో వ్రాశాడు. అప్పటికి రాఫేల్ మరణించి 22 సంవత్సరాలు. ఈ నిందలో కొంత నిజం లేకపోలేదు. అయితే అతడు ఎవరి నుండి ఏమి గ్రహించాడో, గ్రహించినదానిని ఎట్లా మార్చాడో తొలినాటి చిత్రాలను వరుసగా పరిశీలిస్తే గాని తెలియదు.

రాఫేల్ 1483లో ఇటలీలోని ఉర్బినోలో జన్మించాడు. తండ్రి జొవాన్ని సాంతి కూడా చిత్రకారుడే. పన్నెండేళ్లు నిండకముందే తల్లిదండ్రులిద్దరూ గతించారు. అయినా 1500 నాటి ఒక ఒప్పంద పత్రం పదిహేడేళ్ల ఈ యువకుడిని విద్యలో ఆరితేరిన గురువుగానే పేర్కొన్నది.

ఆనాటి అతని శైలిపై పెరుజినో ప్రభావం ప్రస్ఫుటం. 1504లో చిత్రించిన 'మరియమ్మ వివాహం' ఇప్పుడు మిలాన్‌లో ఉన్నది. ఇదే ఘట్టాన్ని పెరుజినో కూడా ఇదే అమరికతో చిత్రించాడు: ముందు పెండ్లివారు, వెనుక రాతిపలకలు పరచిన నేల, దూరాన ఆలయం. పెరుజినో మనుషులు ఒకే వరుసలో నిలబడి ఉంటారు. రాఫేల్ వారిని వంపుగా నిలిపాడు. ఎనిమిది ముఖాల ఆలయాన్ని పదహారు ముఖాలది చేశాడు. చూపు నేలపై గీతల వెంబడి సాగి, తెరచిన ద్వారం గుండా ఆవలి ఆకాశాన్ని చేరుతుంది. ఆ ఆలయంపైనే తన పేరును, సంవత్సరాన్ని వ్రాసుకున్నాడు. ఆ ధీమా గమనింపదగినది.

అదే ఏడు ఫ్లోరెన్స్ చేరిన రాఫేల్‌కు లియొనార్డో చిత్రాలు కొత్త పాఠమయ్యాయి. రూపాలను త్రిభుజాకారంగా కూర్చడం, వెలుగును నీడలోనికి గీత తెలియకుండా కరగించడం అక్కడ అలవడ్డాయి. నెమ్మదిగా ఆరే నూనెరంగులు ఇందుకు అనుకూలించాయి. వియన్నాలోని 'పచ్చికబయలులో మరియమ్మ' ఇందుకు చక్కని ఉదాహరణ. 1507 నాటి 'క్రీస్తు భౌతికకాయపు మోత'లో వెనుకకు మెలి తిరిగి చేతులు చాచిన స్త్రీమూర్తి భంగిమ మైకెలాంజిలోదే.

పెద్ద చిత్రాలకు ముందుగా కాగితంపై పూర్తి నమూనా గీసి, గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది, బొమ్మను దించేవారు. మన మగ్గం పనివారు చీరపై నమూనా దించే తీరూ దాదాపు ఇదే. 1509–1511 మధ్య రోమ్‌లో గోడపై చిత్రించిన 'ఏథెన్స్ పాఠశాల'కు గీసిన సుమారు 8 మీటర్ల నమూనా మిలాన్‌లో భద్రంగా ఉన్నది. అందులో ఒక మూర్తి కనిపించదు. గోడపై మాత్రం మెట్ల ముందు రాతిదిమ్మెపై మోచేయి ఆనించి, ఒంటరిగా, బరువైన దేహంతో అతడు కూర్చుని ఉంటాడు. తరువాత కొత్త గారపై అతడిని చేర్చారు. పేరుకు తత్త్వవేత్త హెరాక్లిటస్. ముఖం మైకెలాంజిలోదని పలువురు కళాచరిత్రకారుల అభిప్రాయం.