ఐసు ఫ్యాక్టరీలో పెన్సిలిన్

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించారు. ముఖమంతా చీముపట్టి అప్పటికే ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి, రోజు తిరిగేసరికి తేరుకోసాగాడు. మందేమో చిటికెడే ఉంది. అతని మూత్రం పట్టి, అందులోంచి పెన్సిలిన్‌ను తిరిగి రాబట్టి ఎక్కించినా కొద్దిరోజుల్లోనే నిండుకుంది. మార్చి 15న అతను కన్నుమూశాడు.

మందు పనిచేస్తుందని తేలింది. కావలసినంత చేయడమే ఎవరికీ తెలియదు.

నలుగురికి వండే గిన్నెలో అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే చాలు. వెయ్యిమంది పెళ్లికి గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించాక అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. సీసాలో కుదిరిన రసాయన చర్యకు పెద్ద ట్యాంకులో వచ్చే చిక్కూ అదే. ఆ చిక్కు విప్పే చదువే కెమికల్ ఇంజినీరింగ్. అమెరికాలోని ఎంఐటీలో 1888లో లూయిస్ నార్టన్ దీన్ని నాలుగేళ్ల కోర్సుగా మొదలుపెట్టాడు. 1915లో ఆర్థర్ డి. లిటిల్ దానికి వెన్నెముక లాంటి ఆలోచన ఇచ్చాడు: చక్కెర మిల్లయినా, చమురు శుద్ధి కర్మాగారమైనా లోపల జరిగేవి మరిగించడం, వడకట్టడం, బట్టీపట్టడం (డిస్టిలేషన్), ఆరబెట్టడం లాంటి కొన్ని పనులే. వాటి లెక్క తెలిసినవాళ్లు ఏ పరిశ్రమలోనైనా అడుగుపెట్టవచ్చు. ఈ డిగ్రీకి ఇన్ని రకాల కొలువులు రావడం వెనక రహస్యం ఇదే.

మార్గరెట్ హచిన్సన్ జీవితమే అందుకు సాక్ష్యం. టెక్సస్‌లో పుట్టిన ఆమె 1937లో ఎంఐటీ నుంచి కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ అందుకుంది. అమెరికాలో ఆ పట్టా పొందిన తొలి మహిళ ఆమే. ఇ.బి. బ్యాడ్జర్ కంపెనీలో పెట్రోలియం ప్లాంట్లు రూపొందించిన అనుభవంతో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్ పనికి పూనుకుంది.

పెన్సిలిన్‌ను తయారుచేసే బూజుకు గాలి కావాలి. అందుకే అప్పటిదాకా దాన్ని సీసాల్లో, పళ్లాల్లో పలచని పొరగా పెంచేవారు. లోతైన ట్యాంకులో పెంచాలంటే క్రిములు లేని గాలిని అడుగు నుంచి పంపాలి, ఎడతెగకుండా కలపాలి, పుట్టే వేడిని లాగేయాలి. వేరే బ్యాక్టీరియా చొరబడిందా, సరుకంతా పారబోయాల్సిందే. పైగా వేడి తగిలితే పెన్సిలిన్ విరిగిపోతుంది, అందుకే చల్లగా ఉంచి వేగంగా వేరుచేయాలి. ఇలాంటి ప్లాంటుకు రూపమిచ్చిన ఘనత హచిన్సన్‌దని చరిత్ర రాసుకుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఫైజర్ సంస్థ పాత ఐసు ఫ్యాక్టరీని కొని, ఒక్కొక్కటి దాదాపు 28 వేల లీటర్లు పట్టే 14 ట్యాంకులు బిగించింది. 1944 మార్చి 1న ప్లాంటు తెరుచుకుంది. మూడు నెలలకే నార్మండీ తీరంలో దిగిన సైన్యం వెంట పెన్సిలిన్ ఉంది.

మరుసటి ఏడాది అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజినీర్స్ హచిన్సన్‌ను తొలి మహిళా సభ్యురాలిగా చేర్చుకుంది.

మన దగ్గర ఆ దారిలో నడిచినవారిలో తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి ఒకరు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో మందుల తయారీ ఒంటబట్టించుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. రక్తపోటు మందు మిథైల్‌డోపా ఆ సంస్థ తొలినాళ్ల సరుకు.