నాయుడుపేట అభిమాని ఎవరి పక్షం?

2024 మే 26, ఆదివారం. ఐపీఎల్ ఫైనల్‌కు సన్‌రైజర్స్ హైదరాబాద్ చేరింది. ఎదుట కోల్‌కతా నైట్‌రైడర్స్, వేదిక చెన్నై చెపాక్. నాయుడుపేట నుంచి చెపాక్‌కు సుమారు 110 కిలోమీటర్లు, హైదరాబాదుకు 500 కిలోమీటర్ల పైమాటే. ఆ ఏడాది చెన్నై సూపర్ కింగ్స్ ప్లేఆఫ్స్‌కు చేరకుండానే ఇంటిదారి పట్టింది. సీజనంతా పసుపు చొక్కాతో తిరిగిన కుర్రాళ్ళకు ఆ సాయంత్రం ఒక చిక్కు వచ్చి పడింది. ఆడేది తెలుగు రాజధాని జట్టు, ఆడుతున్నది తమకు అలవాటైన మైదానంలో. మరి చప్పట్లు ఎవరికి కొట్టాలి? ఆట ఆ చిక్కును ఎక్కువసేపు సాగనివ్వలేదు. హైదరాబాద్ 113 పరుగులకే కూలింది. ఐపీఎల్ ఫైనళ్ళలో అంత తక్కువ స్కోరు మరే జట్టూ చేయలేదు.

ఈ చిక్కు ఐపీఎల్‌తో పుట్టింది కాదు. స్వర్ణముఖి ఒడ్డున, మద్రాసు రోడ్డు మీద ఉన్న ఈ ఊరి ఆటల చరిత్రలో అది నూరేళ్ళకు పైగా ఉంది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు మార్గం కలిసింది. అప్పటినుంచి గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట జనానికి పెద్దాసుపత్రి, పెద్ద చదువు, పెళ్ళిబట్టలు, సినిమా అన్నీ మద్రాసే. పత్రికలూ అక్కడినుంచే వచ్చేవి. ది హిందూ 1878లో అక్కడే పుట్టింది. బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక 1914లో అక్కడికే తరలింది. ఆటల కబుర్లకు మరో దారి ఎక్కడిది? నెల్లూరు జిల్లా 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలో భాగమైంది. నాయుడుపేట 2022 ఏప్రిల్ 4న కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరిహద్దు గీతలు రెండుసార్లు మారినా రైలు పట్టాలు మారలేదు.

చెన్నై జట్టును మోసే తెలుగు అభిమానిని చూసి 'సొంత జట్టును వదిలేశాడు' అని నొచ్చుకునేవాళ్ళు తెలుసుకోవలసిన పేరు ఒకటుంది. అది మోతవరపు వెంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు అంటేనే జనానికి తెలుస్తుంది. 1868లో పుట్టిన ఈ మద్రాసు తెలుగు కుటుంబీకుణ్ణి దక్షిణ భారత క్రికెట్‌కు పితామహుడంటారు. ఆయన తాత పారీ కంపెనీకి దుబాసీగా పనిచేసి సంపాదించినవాడు. ఆ డబ్బుతో బుచ్చిబాబు మరేమైనా చేయగలిగేవారు, కానీ ఆటను ఎంచుకున్నారు.

ఆనాటి మద్రాసులో క్రికెట్టంటే దొరల ఆట. 1846లో పెట్టిన మద్రాసు క్రికెట్ క్లబ్బు పూర్తిగా వాళ్ళదే. భారతీయులు అక్కడికి ఆడటానికి వెళ్ళినా పెవిలియన్ మెట్లెక్కే వీల్లేదు, భోజనాల వేళ చెట్లకింద కూర్చోవలసిందేనని చెబుతారు. ఆ అవమానానికి బుచ్చిబాబు కేకలతో జవాబివ్వలేదు. 1888లో ఎస్ప్లనేడులో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నిలబెట్టారు. ఆడగలిగీ కొనలేని కుర్రాళ్ళకు బ్యాట్లు, బంతులు, బట్టలు తానే ఇప్పించారు. మైలాపూరులో తమ లజ్ హౌస్‌లోనే ఆట నేర్పించారు. చివరికి దొరలతో సమానంగా, 'భారతీయులు వర్సెస్ యూరోపియన్లు' అన్న పేరుతో మ్యాచ్ కుదిర్చారు. 1908లో ఆ మ్యాచ్ జరగబోతుండగా, ఇంకొన్ని రోజులుందనగా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 40 ఏళ్ళే. తాను కుదిర్చిన ఆటను తానే చూడలేకపోవడం మన క్రికెట్ చరిత్రలో గుండెను పిండే ఘట్టం. 1915 నుంచి ఆ మ్యాచ్ ఏటా సంక్రాంతి రోజుల్లో జరిగే ఆనవాయితీ అయింది, 1952 దాకా సాగింది.

ఆయన కడపటి కొడుకు కోటా రామస్వామి. తల్లి తరఫు తాత దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు మారింది. 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ, 40 ఏళ్ళ వయసులో, 1936 ఇంగ్లండ్ పర్యటనలో టెస్ట్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. ఆడినవి రెండే టెస్టులు, కొట్టిన పరుగులు 40, 60, 29, 41 నాటౌట్. 56కు పైగా సగటు! కుర్రవయసులో అవకాశం దక్కి ఉంటే ఈ లెక్క ఎక్కడిదాకా పోయేదో. 1985లో ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్ళారు, మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆటల మీది పిచ్చినే పేరుగా పెట్టుకుని ఆయన రాసుకున్న ఆత్మకథ మాత్రం మిగిలింది.

చెపాక్ గడ్డ మీద తెలుగువాళ్ళ పాదముద్రలు ఇంకా ఉన్నాయి. 1934 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన తొలి టెస్టులో భారత కెప్టెన్ సి.కె. నాయుడు. పుట్టి పెరిగింది నాగపూర్‌లోనే అయినా మచిలీపట్నం మూలాలున్న కుటుంబం ఆయనది. అదే ఏడాది నవంబర్ 4న రంజీ ట్రోఫీలో మొట్టమొదటి మ్యాచ్ కూడా చెపాక్‌లోనే, మద్రాసు, మైసూరు జట్ల మధ్య మొదలైంది. ఎం.జె. గోపాలన్ తొలి బంతి వేశారు. ఏ.జి. రామ్‌సింగ్ 11 వికెట్లు పడగొట్టడంతో ఆట ఒక్కరోజులోనే ముగిసింది. రెండోరోజు ఆట చూద్దామని బయలుదేరినవాళ్ళకు మిగిలింది ఖాళీ మైదానమే.

ఆంధ్రకు సొంత జట్టు 1953లో వచ్చింది. ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడి, 1953–54 సీజన్‌లో రంజీలో కాలుపెట్టింది. 58 ఏళ్ళ సి.కె. నాయుడు ఆ జట్టుకు ఆడారు. ఆ వయసులో తెలుగునేల తరఫున బ్యాటు పట్టిన పెద్దమనిషికి ఎంత రుణపడి ఉన్నామో మాటల్లో చెప్పలేం. అయినా దక్షిణపు కొసన ఉన్న నాయుడుపేటలో చెపాక్ మీది మోజు తగ్గలేదు. కారణం లేకపోలేదు. అంతకు ఏడాదిన్నర ముందే, 1952 ఫిబ్రవరిలో, భారత్ తన తొలి టెస్ట్ విజయాన్ని చెపాక్‌లో ఇంగ్లండ్ మీద సాధించింది. ఆ మ్యాచ్‌లో వినూ మన్కడ్ 12 వికెట్లు తీశారు. అప్పటికి నాయుడుపేట ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆ గెలుపు ఈ ఊరిదీ.

తరవాత రేడియో కాలం. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. చెపాక్ మ్యాచ్‌లకు ఇంగ్లీషుతో పాటు తమిళ వ్యాఖ్యానమూ వినిపించేది. అబ్దుల్ జబ్బార్ లాంటివాళ్ళ గొంతులు అలా పరిచయమయ్యాయి. తమిళం చదవడం రాకపోయినా విని అర్థం చేసుకునేవాళ్ళకు ఈ సరిహద్దు ఊళ్ళలో ఎప్పుడూ లోటు లేదు. "స్కోరెంత అబ్బయా?" అని రోడ్డు మీద పోయేవాడు అడగటం, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకున్నవాడు వేళ్ళతో వికెట్ల లెక్క చూపటం ఆ తరానికి నిత్యకృత్యం.

1986 సెప్టెంబర్ 22 అలాంటి రోజు. ఆస్ట్రేలియాతో చెపాక్ టెస్టు, అయిదో రోజు, భారత్ లక్ష్యం 348. ఎండకు డీన్ జోన్స్ వాంతులు చేసుకుంటూనే 210 కొట్టి ఆసుపత్రి పాలైన మ్యాచ్ అది. చివరి ఓవర్‌లో నాలుగు పరుగులు కావాలి, చేతిలో ఒక్కటే వికెట్. గ్రెగ్ మాథ్యూస్ బంతి అందుకున్నాడు. రవిశాస్త్రి రెండు తీశాడు, తరవాత ఒకటి తీశాడు. స్కోర్లు సమం. స్ట్రైక్‌లోకి మణిందర్ సింగ్ వచ్చాడు. ఒక బంతి ఆపాడు. అయిదో బంతి ప్యాడ్‌కు తగిలింది, అంపైర్ విక్రమ్‌రాజు వేలెత్తాడు. టెస్ట్ చరిత్రలో రెండో టై. బంతి ముందు బ్యాటుకు తగిలిందని మణిందర్ ఇప్పటికీ అంటాడు. శాస్త్రి ఆ ఒక్క పరుగు తీయకుండా స్ట్రైక్ తన దగ్గరే అట్టిపెట్టుకోవాల్సిందా అన్న వాదన కూడా అంత పాతదే. తీసిన పరుగుతో ఓటమి తప్పింది కదా, మరి తప్పెలా అవుతుంది? ఈ ప్రశ్న వేస్తే యాభై దాటిన అభిమాని ఇవాళ కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

మద్రాసు నుంచి క్రికెట్ ఒక్కటే రాలేదు. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో అక్కడ వైఎంసీఏ వ్యాయామ కళాశాల స్థాపించాడు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ రెండూ అమెరికా వైఎంసీఏలలో పుట్టిన ఆటలే. ఆ కళాశాలలో తర్ఫీదైనవాళ్ళు దక్షిణాది బడులకు డ్రిల్లు మాస్టర్లుగా వచ్చారు. తాడుతో కొలిచి సున్నంతో గీతలు గీసి, రెండు గుంజలకు నెట్టు కట్టి, ఖర్చులేని ఆటను అందరి చేతికీ ఇచ్చారు. చెడుగుడు అయితే ఎవరూ తెచ్చివ్వాల్సిన పని లేకుండా ముందునుంచీ మన ఇసుకలోనే ఉంది. ఇవాళ ఊరి ఆటల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాస్టర్లను తలచుకునేవాళ్ళు తక్కువ. అది పెద్ద లోటు.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాయి. అంతర కళాశాలల పోటీలు, అక్కడ మెరిసినవాళ్ళకు సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ జట్టులో చోటు, ఒంటిమీద యూనివర్సిటీ బ్లేజర్, అదృష్టముంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఒక తరం కుర్రాళ్ళకు ఇది గట్టి నిచ్చెన. ప్రొఫెషనల్ లీగుల ఊసే లేని రోజుల్లో దేశపు జట్లకు ఆటగాళ్ళను ఇచ్చింది కాలేజీలే. 1935లో మొదలైన రోహింటన్ బారియా ట్రోఫీ విశ్వవిద్యాలయాల క్రికెట్‌కు పట్టుకొమ్మ. గవాస్కర్ 1971లో వెస్టిండీస్ విమానం ఎక్కేముందు బొంబాయి యూనివర్సిటీ జట్టులో ఆడినవాడే. విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల క్రికెట్‌కు ఇచ్చే విజ్జీ ట్రోఫీ పేరు విజయనగరం మహరాజకుమార్‌ది.

2008లో ఐపీఎల్, 2014లో ప్రో కబడ్డీ వచ్చి అభిమాని చూపును ఒక్కసారిగా తిప్పేశాయి. చెడుగుడు ఆడేవాడికి కోట్ల వేలం! 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ పెట్టిన ధర 2.605 కోట్లు. క్రికెట్‌లో హైదరాబాద్‌కు తొలి ఏడాది అట్టడుగు స్థానం, మరుసటి ఏడాది, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో డెక్కన్ చార్జర్స్‌కు కప్పు. 2012లో ఆ జట్టే రద్దయింది. 2013లో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో గెలిచింది. చెన్నై జట్టు 2010, 2011, 2018, 2021, 2023లో గెలిచింది. నాలుగేళ్ళకే పేరు మాసిపోయిన జట్టును నమ్ముకున్నవాడికంటే, రెండేళ్ళ నిషేధం తరవాత అదే పేరుతో, అదే ధోనీతో తిరిగొచ్చిన జట్టును నమ్ముకున్నవాడికి ధీమా ఎక్కువ ఉండటంలో వింతేముంది?

నాయుడుపేట లాంటి ఊరికి రెండు వైపులనూ కలిపింది అంబటి రాయుడు. పుట్టింది గుంటూరు, ఆట నేర్చింది హైదరాబాద్. 2002లో, 17 ఏళ్ళకే, హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. 2018లో చెన్నైకి వచ్చి 602 పరుగులు చేశాడు. అందులో పుణెలో సన్‌రైజర్స్ మీద అజేయ శతకం ఉంది. మరుసటి ఏడాది ప్రపంచకప్ జట్టులో అతనికి చోటు దక్కలేదు, తమిళనాడు ఆటగాడు విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. విజయ్‌తో మూడు కోణాల్లో ఉపయోగమని వివరించిన చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్ళజోడు తెప్పించుకున్నానని రాయుడు చేసిన ట్వీట్ మీద జరిగినంత చర్చ కప్పు మీద కూడా జరగలేదేమో. న్యాయంగా చూస్తే, నాలుగో స్థానంలో అన్నాళ్ళు ఆడించిన బ్యాటర్‌ను తీరా కప్పు ముందు వదులుకోవడం పొరపాటే. 2023లో చెన్నై కప్పు గెలిచిన రాత్రి రాయుడు ఐపీఎల్‌కు వీడ్కోలు చెప్పాడు. అది అతని ఆరో టైటిల్.

భాష విషయంలోనూ కొరత తీరింది. ఐపీఎల్ వ్యాఖ్యానం తెలుగులోనూ వినిపించింది, 2018 డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. చెన్నై ఆటను సైతం తెలుగులో వినే వీలు దొరికింది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2025 ఏప్రిల్‌లో చెన్నై జట్టుకు ఓపెనర్‌గా దిగితే, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సన్‌రైజర్స్‌లో ఎదిగి 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్ట్ శతకం కొట్టాడు. 2025 సీజన్‌లో ఈ రెండింటిలో ఏ జెర్సీ వేసుకున్నా అందులో తెలుగువాడు ఒకడున్నాడు.

చింతించాల్సింది మరో చోట ఉంది. ఇదే జిల్లాలోని ఎర్రావారిపాలెం మండలం నుంచి వెళ్ళి భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా నిలిచిన ఎతిమరపు రజని గురించి టీ కొట్టు దగ్గర ఎంతమంది వాదించుకుంటారు? కాలేజీ కబడ్డీ, వాలీబాల్ పోటీలు పక్క ఊళ్ళో జరిగినా తెలిసేది ఆడినవాళ్ళకూ పీడీ సార్లకే, మర్నాడు జిల్లా పేజీలో నాలుగు వరుసలు, ఒక గ్రూప్ ఫోటో. చెన్నై పదకొండుగురి పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే అభిమాని, ఆ పోటీల తేదీలు వారం ముందు బస్టాండ్ గోడ మీదో వాట్సాప్‌లోనో కనిపిస్తే తప్పకుండా వస్తాడు. ఫలానా రైడర్ ఎడమవైపే ఎందుకు పోతున్నాడని పీడీ సారును నిలదీస్తాడు కూడా. కాలేజీలు చేయాల్సింది ముందుగా ఆ తేదీలు చెప్పడం.