భారీ టెలిస్కోపుకు స్థలం ఎంపిక: వాతావరణాన్ని ఎలా పోలుస్తారు?

కోల్‌కతా: సత్యేంద్రనాథ్ బోస్ జాతీయ మౌలిక విజ్ఞాన కేంద్రం కోల్‌కతాలో ఉన్నా, దాని ఖగోళ వేధశాల మాత్రం పురూలియా జిల్లాలోని పంచేత్ కొండపై ఉంది. అక్కడ 14 అంగుళాల టెలిస్కోపుతో 2025 జనవరిలో అది ప్రారంభమైంది. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న మహానగరంలో తేమ, ధూళి, దీపకాంతి మసక నక్షత్రాలను కనబడనీయవు. హైదరాబాద్‌లోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నగరానికి దూరంగా, జపాల్-రంగాపూర్ వద్ద నెలకొల్పింది.

ప్రధాన కొలమానాలు

మేఘాలు లేని రాత్రుల సంఖ్య మొదటిది. గాలి నిలకడ రెండవది. దీనిని ‘సీయింగ్’ అంటారు. వేడి, చల్లని గాలులు కలిసే చోట నక్షత్రకాంతి చెదిరి బింబం అలుక్కుపోతుంది. ఆ వ్యాప్తిని డిగ్రీలో 3,600వ వంతైన ఆర్క్‌సెకన్లలో లెక్కిస్తారు. సీయింగ్ ఒక ఆర్క్‌సెకను ఉంటే, దిద్దుబాటు పరికరాలు లేని 10 మీటర్ల అద్దం కూడా దృశ్యకాంతిలో సుమారు 12 సెంటీమీటర్ల టెలిస్కోపు చూపే సూక్ష్మ వివరాలకు మించి చూపలేదు. కాంతిని మాత్రం ఎక్కువగా సేకరిస్తుంది. నీటి ఆవిరి మూడవది. అది పరారుణ కిరణాలను పీల్చుకుంటుంది.

దేశంలోని స్థలాలు

తమిళనాడులోని కావలూరు ఎత్తు సుమారు 725 మీటర్లు. రెండు రుతుపవనాల మేఘాలూ అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు అడ్డుపడతాయి. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ ఎత్తు సుమారు 2,450 మీటర్లు; అక్కడి 3.6 మీటర్ల టెలిస్కోపు 2016లో ప్రారంభమైంది. వర్షాకాలంలో అక్కడా పరిశీలనలు ఆగిపోతాయి. లద్దాఖ్‌లోని హాన్లే సుమారు 4,500 మీటర్ల ఎత్తున, హిమాలయాల వర్షచ్ఛాయలో ఉన్నందున గాలి పొడిగా ఉంటుంది. ప్రాణవాయువు తక్కువ, చలి తీవ్రం. అందుకే అక్కడి 2 మీటర్ల టెలిస్కోపును బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు.

పోల్చే విధానం

వేర్వేరు పరికరాలతో, వేర్వేరు రుతువుల్లో తీసిన కొలతలను పోల్చడం సరికాదు. భారత్ భాగస్వామిగా ఉన్న థర్టీ మీటర్ టెలిస్కోప్ కోసం చిలీ, మెక్సికో, హవాయిలలోని ఐదు శిఖరాలపై ఒకే రకం పరికరాలతో కొన్నేళ్లు పరీక్షించారు. ఒకే నక్షత్రాన్ని రెండు రంధ్రాల గుండా చూసి, రెండు బింబాల కదలికలోని తేడా నుంచి సీయింగ్‌ను గణించారు. 2009లో హవాయిలోని మౌనాకియాను ఎంపిక చేశారు. ఆ పర్వతాన్ని పవిత్రంగా భావించే స్థానికుల నిరసనలతో 2015లో, 2019లో నిర్మాణం ముందుకు సాగలేదు. స్థానికుల సమ్మతి ఏ వాతావరణ పరికరానికీ అందని కొలమానమని ఆ అనుభవం తేల్చింది.