ప్రోబ్ ఎక్కడ పెట్టాలి? థర్మామీటర్ చెప్పిన అబద్ధాల చరిత్ర

ఇందుకూరుపేట నుంచి మైపాడు బీచ్ వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. పట్టుబడి రోజున రొయ్యలు ఐసు వేసిన బాక్సుల్లోకి వెళ్తాయి. ఒక బాక్సులో డిజిటల్ మీటర్ ప్రోబ్‌ని మూత కింద వేలాడదీశారనుకోండి. స్క్రీన్ మీద 4 డిగ్రీలు చూపిస్తోంది. సూపర్ కదా? ఒక్క నిమిషం ఆగండి. ఆ 4 ఎవరిది? గాలిదా, రొయ్యదా?

గాలి తొందరగా చల్లబడుతుంది. బాక్సు మధ్యలో, ఐసు సరిగ్గా తగలని చోట రొయ్య మాత్రం ఇంకా వెచ్చగానే ఉండొచ్చు. అక్కడ రొయ్య నల్లబడినా, తల ఊడిపోయినా రేటు పడిపోతుంది. అంటే నెలల కష్టం ఒక తప్పు రీడింగ్ మీద ఆధారపడింది. ఈ సమస్యకి దాదాపు 260 ఏళ్ల చరిత్ర ఉంది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

కథ బీరుతో మొదలవుతుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాని తరిమిన జిల్లాలో కూర్చుని బీరు గురించి ఏంటి అంటారేమో. మనకి కావాల్సింది బీరు కాదు, అందులో ముంచిన థర్మామీటర్.

పాత ఇంగ్లండ్‌లో బీరు కాచేవాళ్లు నీళ్ల వేడిని ఎలా చూసేవాళ్లో తెలుసా? మరిగిన నీళ్ల మీద ఆవిరి తగ్గి, అందులో తమ ముఖం కనిపించేదాకా ఆగేవాళ్లు. అదే కొలత! ఫారన్‌హీట్ పాదరసం థర్మామీటర్ 1714లోనే వచ్చినా, ఆ పనిలోకి రావడానికి చాలా టైమ్ పట్టింది. 1762లో మైకేల్ కాంబ్రూన్ బీరు తయారీ మీద పుస్తకం రాసి, థర్మామీటర్ వాడాల్సిందేనని వాదించాడు. జేమ్స్ బేవర్‌స్టాక్ అనే కుర్రాడైతే నాన్నకి ఇష్టం లేక దాన్ని దాచిపెట్టుకుని వాడాడు. వీళ్లిద్దరూ ఒక విషయం సరిగ్గా పట్టుకున్నారు. కొలవాల్సింది గదిని కాదు, సరుకుని.

రెండో పాఠం మన పక్కనే, మద్రాసులో ఉంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి బోస్టన్ దగ్గరి చెరువుల్లో గడ్డకట్టిన ఐసుని ఓడల్లో ఇండియాకి పంపాడు. 1833లో కలకత్తాకి బయల్దేరిన మొదటి ఓడలో సుమారు 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా మిగిలింది. 1842లో మద్రాసులో ఐస్ హౌస్ కట్టారు. మెరీనా దగ్గర ఇప్పుడు వివేకానంద హౌస్ అంటున్న బిల్డింగ్ అదే. ఐసుని కాపాడిందేంటి? పలకల మధ్య కూరిన పొట్టు, గడ్డి లాంటివి. అవి చల్లదనాన్ని పుట్టించవు, బయటి వేడిని ఆపుతాయి, అంతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ప్రోబ్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మూడో కథ సముద్రం మీద. ఓడల వాళ్లు బకెట్‌తో నీళ్లు తోడి, అందులో థర్మామీటర్ ముంచి సముద్రం వేడి రాసేవాళ్లు. కాన్వాస్ బకెట్ తడి గాలికి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన మట్టికుండ చేసే పనే. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా రీడింగ్‌లు అమెరికా ఓడల ఇంజిన్ రూమ్ నుంచి వచ్చాయి. అక్కడ కొలిస్తే నీళ్లు కాస్త వెచ్చగా కనిపిస్తాయి. యుద్ధం అయ్యాక బ్రిటిష్ ఓడల బకెట్ రీడింగ్‌లు పెరిగాయి. దాంతో 1945లో ప్రపంచం ఒక్కసారిగా సుమారు 0.3 డిగ్రీలు చల్లబడినట్టు రికార్డుల్లో కనిపించింది. ఆ తగ్గుదలకి ప్రధాన కారణం కొలిచే పద్ధతి మారడమేనని 2008లో నేచర్ పత్రికలో సైంటిస్టులు చూపించారు. బకెట్‌కి ఇన్సులేషన్ లేకపోతే భూమి లెక్కే తప్పిందన్నమాట!

వాతావరణ శాఖ వాళ్లది ఇంకో జాగ్రత్త. వాళ్లకి గాలి వేడే కావాలి, ఎండ వేడి వద్దు. అందుకే థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండ్ లైట్‌హౌస్ ఇంజినీర్ 1860ల్లో సందుల గోడలతో తెల్ల చెక్కపెట్టె డిజైన్ చేశాడు. మన దేశంలో దాని తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, ఎండ నేరుగా లోపల పడకుండా.

ఇప్పుడు ఇవన్నీ కలిపి ఒక ఫ్రిజ్‌లో పెడదాం. విదేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ప్రోబ్‌ని గాల్లో వదలరు. పీపా పక్క గోడకి, లోపల ద్రవం ఉన్న ఎత్తులో, టేప్‌తో అంటించి, దాని మీద ఫోమ్ ముక్క కప్పుతారు. ఎందుకు? లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే లీటరు గాలికి కావాల్సిన దానికి దాదాపు 3,500 రెట్లు వేడి కావాలి. తలుపు తీయగానే గాలి మారిపోతుంది, పీపా మాత్రం కదలదు. ప్రోబ్ గాల్లో ఉంటే కంప్రెసర్ ఊరికే ఆన్, ఆఫ్ అవుతూ అరిగిపోతుంది. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ సొంతంగా వేడి పుట్టిస్తుంది. గాలి చల్లగా ఉన్నా లోపల కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఫోమ్ గాలిని అడ్డుకుంటే ప్రోబ్ పీపా మాటే వింటుంది. ఐస్ హౌస్‌లో పొట్టు చేసిన పనే ఇది.

ఇదే లాజిక్ టీకాల దగ్గర ప్రాణాలకి సంబంధించింది. చాలా టీకాలని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. హెపటైటిస్ బి టీకా గడ్డకడితే పాడవుతుంది. కొన్ని టీకా ఫ్రిజ్‌ల్లో ప్రోబ్‌ని గ్లైకాల్ నింపిన చిన్న సీసాలో ముంచి పెడతారు. అప్పుడది గాలిలా కంగారు పడకుండా, టీకా సీసాలా నిదానంగా మారుతుంది.

ఎగుమతి రొయ్యలకీ అంతే. గోడౌన్ మీటర్ మైనస్ 18 చూపిస్తే సరిపోదు. గడ్డకట్టిన దిమ్మకి రంధ్రం చేసి, ప్రోబ్ లోపలికి దించి చూస్తారు.

అందుకే గట్టు మీద ఉన్న తమ్ముళ్లకి చెప్పేది ఇది. ప్రోబ్ ముందు కరుగుతున్న ఐసు నీళ్లలో ముంచండి, సున్నా దగ్గర చూపించాలి. తర్వాత బాక్సు మధ్యలో, రొయ్యల కుప్ప లోపలికి దించండి. అంకె నిలకడగా ఆగేదాకా ఉండండి. అప్పుడొచ్చే అంకెనే నమ్మండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.