పాలనాధికారానికి ఆధారమేది? - రాచరికం, రిపబ్లిక్

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలు 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేవి. 1800లో నిజాం ఈ సీమ పేష్కష్‌ను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1839లో, రహస్యంగా ఆయుధాలు కూడబెట్టాడన్న అభియోగంపై కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుణ్ణి చేసింది. ఈ రెండు సందర్భాలలోనూ ఇక్కడి రైతును అడిగినవారు లేరు. పైవాడి అనుమతిపై నిలిచిన అధికారం పైవాడి ఆజ్ఞతోనే పోయింది. పొరుగున ఉన్న బనగానపల్లె సంస్థానం 1948లో భారత యూనియన్‌లో విలీనమైంది.

అధికారం ఎవరిచ్చారు, ఎవరు తీసుకోగలరు అన్న ప్రశ్న ఇస్లామీయ చరిత్రలో మొదటినుండీ ఉన్నదే. హజ్రత్ అబూబక్ర్ (రజి) 632లో సఖీఫాలో జరిగిన బైఅత్ ద్వారా ఖలీఫా అయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎంపికను ఆరుగురి సంఘానికి అప్పగించారు. మొదటి నలుగురు ఖలీఫాలలో తండ్రి నుండి పదవి పొందినవారు ఒక్కరూ లేరు. 680లో యజీద్ తండ్రి స్థానంలోకి రావడంతో వంశపారంపర్యం ఆరంభమైంది. బైఅత్ మిగిలింది గాని, ఎన్నుకొనే స్వేచ్ఛ మిగలలేదు. పదకొండవ శతాబ్దపు న్యాయవేత్త మావర్దీ పెద్దల ఎన్నికను, పూర్వ పాలకుని నియామకాన్ని రెండింటినీ అంగీకరించాడు.

ఇరవయ్యవ శతాబ్దంలో అరబ్బు దేశాలు రెండు దారులు పట్టాయి. జోర్డాన్, మొరాకో రాజులు ప్రవక్త వంశాన్ని చూపారు. సౌదీ రాజు ఫహద్ 1986లో రెండు పవిత్ర మస్జిదుల సేవకుడన్న బిరుదును స్వీకరించారు. ఈజిప్టు 1953లో, ఇరాక్ 1958లో, యెమెన్ 1962లో, లిబియా 1969లో రిపబ్లిక్కులయ్యాయి. అయితే వాటిని తెచ్చినది ఓటు కాదు, సైనికాధికారులు. 2000లో సిరియాలో తండ్రి మరణించగానే, బషార్ అసద్ కోసం అధ్యక్షుని కనీస వయస్సును 40 నుండి 34కు తగ్గించారు. పేరుకు రిపబ్లిక్, నడిచినది వారసత్వం.

2011 ఉద్యమాలలో ట్యునీషియా, ఈజిప్టు, లిబియా పాలకులు కూలారు. 2024 డిసెంబరులో అసద్ పాలన అంతమైంది. ఆ ఉద్యమాలలో సింహాసనం ఒక్కటీ కూలలేదు. అంతమాత్రాన ప్రజల సమ్మతి ఉన్నదనలేము. 2011లో బహ్రెయిన్ నిరసనలను అణచడానికి పొరుగు దేశాల సేనలు వచ్చాయి. 2024లో కువైట్ అమీర్ ఎన్నికైన సభను రద్దు చేశారు.

1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయిన పిదప లోక్‌సభ సభ్యత్వానికై నంద్యాల ఓటర్ల ముందు నిలిచారు. నవాబుల కాలంలో ఎవరూ అడగని సమ్మతిని అదే సీమలో ప్రధాని సైతం అడగవలసి వచ్చింది. కిరీటమా, రిపబ్లిక్కా అన్నది తరువాతి మాట. పాలకుడు సమ్మతి కోరుతున్నాడా, తప్పు చేస్తే అడిగేవారున్నారా అన్నదే ముందు చూడవలసిన సంగతి. షూరాకు అర్థం అదే.