నాలుగో భాషలో పరీక్ష

మొన్న అరకు రైల్లో నా ఎదురుగా డిగ్రీ చదివే అమ్మాయి కూచుంది. ఒళ్ళో ఐఇఎల్‌టిఎస్ గైడు. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బళ్ళో తెలుగు. ఇంగ్లీషు ఆ పిల్లకి నాలుగో భాష!

“కాలేజీ పేపర్లు బట్టీపట్టి గట్టెక్కాను మేడమ్. ఇందులో ఎదురుగా కూచుని మాట్లాడాలి. వినే పరీక్షయితే ఒక్కసారే వినిపిస్తారు, మళ్ళీ చెప్పమనడానికి లేదు” అంది దిగులుగా. మంచి మార్కులొస్తేనే గదా పైదేశంలో చదువు!

ధైర్యం చెబుదామని పాత కథొకటి చెప్పాను. 1913లో కేంబ్రిడ్జివారు, ఇంగ్లీషు పంతుళ్ళు కాదలచిన పరదేశీయులకి పరీక్ష పెట్టారు. మొత్తం 12 గంటలు. రాసింది ముగ్గురు, తప్పిందీ ముగ్గురే! అమెరికా వారి టోఫెల్ 1964లోనూ, ఈ ఐఇఎల్‌టిఎస్ 1989లోనూ వచ్చాయి. అన్నీ చివర నేర్చిన భాషనే తూస్తాయి గాని, దాటివచ్చిన మూడింటినీ లెక్కెయ్యవు.

ఈ తూర్పు కనుమల్లోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు తిరగేసి ఆలోచించారు. సవరలకి మన భాష రాదని నవ్వలేదు. తామే వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు.

అరకు వచ్చింది. “పోయొస్తాను” అనడం కువిలో ఎలాగని అడిగాను. చెప్పింది. మూడుసార్లు పలికాను, మూడుసార్లూ తప్పాను.

ఆ పిల్ల ఫక్కున నవ్వి, మళ్ళీ చెప్పింది.